ఎనిమిదో అంతస్తులో కందబచ్చలి

పెన్న ఒడ్డున పుట్టినవాళ్ళకు నది అంటే ఇసుక. మా తాడిపత్రిలో నదిలో దిగడానికి చెప్పులు విప్పే పని లేదు. ఏ ఏడాదైనా నాలుగు రోజులు నీళ్ళు పారితే ఊరంతా వంతెన మీదికి పోయి, పెళ్ళికూతుర్ని చూసినట్టు చూసి వస్తాం. అలాంటి ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా బట్టలకొట్టు నడుపుకుంటున్న నాకు, ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆవిడ సరోజ ఫోను తెచ్చి ముఖం మీద పెట్టింది. అందులో రాజమండ్రిలో ఎనిమిదో అంతస్తు మీద ఒక పెద్ద హోటలు. గోడలన్నీ అద్దాలే. అద్దాలకు అవతల గోదావరి, దానిమీద వంతెనలు, వెలుగుతున్న ఊరు.

"ఈడ కూర్చొని ఒక్కపూట అన్నం తినల్ల" అంది.

"ఒక్కపూట అన్నానికి అంత దూరమా?" అన్నాను.

"ముప్పై ఏండ్లు ఇసుకను చూస్తా తింటి. ఒక్కపూట నీళ్ళను చూస్తా తింటా" అంది. నాకు ఎలాగూ తునిలో ఒక చీరల వ్యాపారి దగ్గర పని ఉంది. శ్రావణమాసం సరుకు చూసుకోవాలి. పనీ అవుతుంది, ఆవిడ ముచ్చటా తీరుతుందని ఇద్దరం బయల్దేరాం. రైల్లో పడిన పాట్లు వదిలేస్తున్నాను. అవి ఎవరు పడ్డా ఒకలాగే ఉంటాయి.

తుని

దిగీ దిగగానే నా నోరు నన్ను ఇరికించింది. స్టేషను ఎదురుగా చిన్న టిఫిను కొట్టులో పెసరట్టు ఉప్మా చెప్పాం. పెసరట్టు బ్రహ్మాండం. అంచులు కరకరలాడుతున్నాయి, మధ్యలో ఉప్మా వేడిగా పొగలు కక్కుతోంది. ప్లేటు నలభై ఐదు రూపాయలు, ఇద్దరికి సరిపోయేటంత. చట్నీ మాత్రం పులిసిపోయింది. మా ఊళ్ళో అయితే ఇలాంటప్పుడు ఆలోచించం. "ఏమప్పా, చట్నీ పులిసింది" అని కొట్టు బయటికి వినబడేలా అంటాం, వాడు "ఔనా" అని ఇంకో గిన్నె తెస్తాడు, అంతటితో సరి. నేనూ అదే చేశాను.

కొట్టులో తింటున్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. కొట్టాయన ముఖం చిన్నబోయింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి, "క్షమించండి, పొద్దున్నే చేసిందేనండి, ఎండకి ఇలా అయినట్టుందండి" అని, నా ప్లేటు పక్కన కొత్తగా కారప్పొడి, నెయ్యి పెట్టి వెళ్ళాడు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి అప్పటికి అదే చట్నీ రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. నెమ్మదిగా నా వైపు వంగి, "పులిసిందని తెలుసండి. కానీ ఎదురుగా అంటే ఆయన మనసు కష్టపెట్టుకుంటాడు కదండి" అన్నాడు.

"అందుకని పులిసిన చట్నీ తింటారా?"

"ఒక్కపూటకి ఏమవుద్దండి" అని ఆయన చేయి కడుక్కుని, కొట్టాయనతో "ఇవాళ చట్నీ బాగుందండి" అని చెప్పి మరీ వెళ్ళాడు. ఇలాంటి మనుషుల్ని నేను ఎక్కడా చూడలేదు. అది మంచితనమో అబద్ధమో నాకు అర్థం కాలేదు. సరోజ మాత్రం వెళుతున్న ఆయన వైపు చూస్తూ, "మీ నోటికి వీళ్ళ దగ్గర ట్యూషను పెట్టిచ్చల్ల" అంది.

కాకినాడ

తునిలో చీరల పని ఆ రోజే అయిపోయింది. మర్నాడు మధ్యాహ్నం దాకా కాకినాడ. ఓడరేవు వైపు వెళితే ఒక పక్క ఎరువుల ఫ్యాక్టరీల గొట్టాలు, ఇంకో పక్క ఆరబెట్టిన చేపలు. ముక్కు ఎటు తిప్పుకోవాలో తెలియదు. మమ్మల్ని తిప్పిన ఆటో అతను రోడ్డుకు అడ్డంగా పడుకున్న గేదెను చూసి హారన్ కొట్టలేదు. ఆటో ఆపి, దిగి, దగ్గరికి వెళ్ళి, "కొంచెం పక్కకి జరగండమ్మా" అన్నాడు. గేదె నిజంగానే లేచింది. మా ఊళ్ళో గేదెతో అలా మాట్లాడితే మనిషికి ఏదో అయిందనుకుంటారు.

మధ్యాహ్నం మెస్సులో భోజనం. టోకెను నూట ఎనభై. ఆకులో ఎన్ని రకాలు పడ్డాయో లెక్కపెట్టబోయి, పప్పు, పులుసు, పులిహోర, రెండు వేపుళ్ళు దాటాక వదిలేశాను. వడ్డించే ఆయన మనం తింటుంటే పోడు. పక్కనే నిలబడి, "ఇంకొంచెం వెయ్యమంటారాండి? ఏవండీ, అసలేం తినట్లేదు" అని బాధపడతాడు. రాగిసంగటి ముద్ద ఒకటి, దానిమీద పప్పు ఇంత పోసి "తిను" అని పక్కకు పోయే మా వైపు మర్యాద నాకు అలవాటు. అది తప్పని ఇప్పటికీ అనను. కానీ ఒక మనిషి నా కడుపు గురించి అంత దిగులు పడడం నాకు కొత్త. రెండుసార్లు వద్దన్నాను, మూడోసారి ఆయన ముఖం చూసి వద్దనలేకపోయాను. సాయంత్రం దాకా ఆయాసపడ్డాను.

బిక్కవోలు దగ్గర బస్సులో

సాయంత్రం కాకుండానే రాజమండ్రి బస్సెక్కాం. కాలువ పక్కనే రోడ్డు. వరి నాట్లు పడిన పొలాలు ఎంత దూరం చూసినా పచ్చగానే ఉన్నాయి. నేను కిటికీ వదలలేదు. మా నేల మీద ఇంత పచ్చదనం చూడాలంటే పటంలో చూడాల్సిందే. అసూయ కలిగిందని ఒప్పుకుంటున్నాను.

బిక్కవోలులో ఒక పెద్దావిడ ఎక్కి మా పక్క సీట్లో కూర్చుంది. అరవై ఏళ్ళు ఉంటాయి. నేత చీర, మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు. ఒళ్ళో పెద్ద గుడ్డసంచి, అందులో బచ్చలికూర కట్టలు, కట్టల మధ్యలోంచి మనిషి చెయ్యంత పొడుగు ఇత్తడి గరిటె బయటికి వచ్చి ఉంది. బ్రేకు వేసినప్పుడల్లా ఆ గరిటె నా చెవికి తగులుతోంది. మూడోసారి తగిలాక ఆవిడే నవ్వేసింది.

"ఏమనుకోకండి బాబు. ఇది లేకపోతే నాకు చెయ్యి ఆడదండి."

పేరు మంగతాయారు. నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకు వంట చేస్తోందట. మూడొందల మందికి తక్కువగా ఎప్పుడూ పొయ్యి వెలిగించలేదట.

"ఇంట్లో?" అని సరోజ అడిగింది.

"ఇంట్లో మా కోడలు వండుద్దండి. నలుగురికి వండమంటే నాకు రాదు. ఎంత వేసినా ఊరంతటికీ అవుద్ది" అని నవ్వింది.

మాటల్లో ఇంకో సంగతి తెలిసింది. ఆవిడ వంట చేసేటప్పుడు రుచి చూడదు. దేవుడికి పెట్టకముందు, పంక్తిలో జనం తినకముందు వంటవాళ్ళ నోట్లో మెతుకు పడకూడదని వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి. ఉప్పు, పులుపు అన్నీ పొగ వాసన పట్టి చెప్పేస్తుందట.

ఇప్పుడు పెళ్ళిళ్ళన్నీ కేటరింగు వాళ్ళు పట్టుకుపోతున్నారట. ఎక్కడెక్కడి నుంచో వంటవాళ్ళను లారీల్లో దించుతున్నారు. పోయిన ఏడాది ఆవిడకు రెండే పెళ్ళిళ్ళు వచ్చాయి. ఆ రెండింటిలో ఒకదానికి వచ్చిన రాజమండ్రి హోటలు యజమాని ఒకాయన, ఆకులో కందబచ్చలి కూర చూసి, "ఈ కూర మా మెనూలో ఉండాలండి" అన్నాడట. మూడు సాయంత్రాలు వండి చూపించమన్నాడు. వచ్చినవాళ్ళకు నచ్చితే నెల జీతానికి ఉంచుకుంటాడు.

"నిన్న మొదటిరోజండి. ఇవాళ రెండోది. రేపటితో ఆఖరు."

"నిన్న ఎట్లుంది?" అని సరోజ.

"అందరూ చాలా బాగుందన్నారంటండి. ఆ యజమాని రాజుగారు మాత్రం ఏవీ అనట్లేదు. మనసులో ఏముందో ఆయనకే తెలియాలి." కాసేపు కాలువ వైపు చూసి, "ఇది కూడా తప్పితే ఇంక గరిటె కడిగి మూల పెట్టేయడమేనండి" అంది. ఏడుస్తూ చెప్పలేదు. వాన వస్తుందో రాదో చెప్పినట్టు చెప్పింది. అందుకే నాకు ఎక్కువ బాధేసింది.

ఆ హోటలు ఎక్కడని అడిగితే, సరోజ ఫోనులో చూపించిన ఎనిమిదో అంతస్తే. "రేపు మేమూ ఆడికే వస్తాండామక్కా, మీ కూర తింటాం" అని సరోజ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

కోరుకొండ

మూడోరోజు పొద్దున కోరుకొండ నరసింహస్వామి దర్శనం. కొండ నిటారుగా ఉంటుంది. మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. మూడొందల దగ్గర లెక్క తప్పింది, ఆ తర్వాత ఊపిరి కూడా తప్పింది. సగం దారిలో కూలబడితే, పక్క మెట్టు మీద కూర్చున్న ముసలి రైతు ఒకాయన తన సీసాలో నీళ్ళు ఇచ్చి ఏ ఊరని అడిగాడు. చెప్పాను.

"సీమవాళ్ళా అండి? ముక్కుసూటిగా మాట్లాడతారంట కదండి మీరు."

"ఉన్నదున్నట్టు అనకపోతే మాకు అన్నం సహించదు. అబద్ధం మా నోటికి రాదు" అన్నాను గర్వంగా.

"అదృష్టవంతులండి. మాకు ఉన్నదున్నట్టు అంటే నిద్ర పట్టదండి" అన్నాడాయన. వ్యంగ్యమేమో అని ముఖం చూశాను. కాదు. పైకి వెళ్ళి దణ్ణం పెట్టుకుని, గాలికి ఆరి, దిగి వచ్చాం. దేవుడికి మా ఆవిడ ఏం మొక్కిందో నాకు చెప్పలేదు.

రాజమండ్రి, సాయంత్రం ఆరుగంటలు

లిఫ్టు తలుపు తెరుచుకోగానే సరోజ అక్కడే నిలబడిపోయింది. వెనక వాళ్ళు దిగడానికి దారి లేదు. నేను చెయ్యి పట్టుకుని లాగాల్సి వచ్చింది.

ఎలా చెప్పను? ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా గోదావరే. వరద కాలం కాబట్టి ఎర్రగా, నిండుగా, తొందరేమీ లేనట్టు పారుతోంది. అవతల ఒడ్డున కొవ్వూరు ఒక నల్లటి గీత. నీళ్ళ మీద వంతెనలు వరసగా ఉన్నాయి. పని మానేసిన పాత రైలు వంతెన రాతి కాళ్ళ మీద నిలబడి ఉంది. దానికి ఎగువన రైలూ రోడ్డూ ఒకదాని మీద ఒకటి పోయే పొడుగు వంతెన, విల్లులు విల్లులుగా వంగిన కొత్త వంతెన. ఇవతల ఊరు. మేడలు, వాటి మీద నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన చీరలు, గుడి గోపురాలు, గోదావరి గట్టు మీద చీమల్లా జనం. సూర్యుడు సరిగ్గా నది మీద దిగుతున్నాడు. మా పెన్నలో ఇంత నీరు పారితే మా వాళ్ళు మూడు రోజులు కొట్లు మూసేస్తారు. ఇక్కడి వాళ్ళు దానికి వీపు పెట్టి కూర్చుని సూప్ తాగుతున్నారు.

మాకు అద్దం పక్కనే బల్ల ఇచ్చారు. తెల్లటి గుడ్డ, బరువైన చెంచాలు, గ్లాసులో పువ్వులా మడిచిన రుమాలు. దాన్ని విప్పాలో వద్దో తెలియక పక్కన పెట్టుకున్నాను. మెనూ కార్డు మా కొట్టు కేలండరంత ఉంది. పేర్లన్నీ చదివి, ధరలు మాత్రం మా ఆవిడకు కనబడకుండా వేలితో మూశాను. చివరి పేజీలో విడిగా ఒక కాగితం అంటించి ఉంది. నెయ్యి అన్నం, కందబచ్చలి. మూడొందల యాభై. రెండు చెప్పాం.

హోటలు యజమానిని అందరూ రాజుగారు అంటున్నారు. భీమవరం వైపు మనిషి, రొయ్యల చెరువులున్నాయట. తెల్లచొక్కా, చేతులు కట్టుకుని ప్రతి బల్ల దగ్గరికీ పెళ్ళికూతురి తండ్రిలా వచ్చి, "ఏం కావాలన్నా చెప్పండి, మొహమాటపడకండి" అని వెళుతున్నారు.

కూర ఇత్తడి గిన్నెలో, అరిటాకు ముక్క మీద వచ్చింది. మొదటి ముద్ద తినగానే నేను కళ్ళు మూసుకున్నాను. చింతపండు పులుపు, ఆవపిండి ఘాటు, ఎండుమిరప పోపు, బచ్చలి జారుడు, వాటి కింద కంద కమ్మదనం. ఇంత రుచి ఒక దుంపలో ఉందని నాకు తెలియదు. రెండో ముద్ద, మూడో ముద్ద. నాలుగో ముద్ద దగ్గర గొంతులో ఏదో మొదలైంది. ఐదో ముద్దకి స్పష్టమైంది. కంద దురద.

నీళ్ళు తాగాను. సరోజ అప్పటికే రెండో గ్లాసులో ఉంది. పక్క బల్ల మీద ఆరుగురున్న కుటుంబం, నాన్న, అమ్మ, పిల్లలు, అందరూ గ్లాసులు ఎత్తి ఉన్నారు. వాళ్ళ తాతగారు రుమాలు అడ్డం పెట్టుకుని గొంతు సవరించుకుంటున్నారు. ఆ మూల బల్ల దగ్గరా అంతే. నీళ్ళ జగ్గులు పట్టుకుని వెయిటర్లు పరుగులు పెడుతున్నారు. రాజుగారు బల్లబల్లకూ వెళ్ళి, "కూర ఎలా ఉందండి?" అంటున్నారు.

"చాలా బాగుందండి" అంటున్నారు అందరూ, గొంతు గీరుకుంటూ.

ఒక్కరు చెప్పరు. హాలంతా గొంతులు దురదపెట్టుకుని, నవ్వు ముఖాలతో నీళ్ళు తాగుతోంది. నాకు నవ్వు వచ్చింది. సరోజ ఏదో అనబోతుంటే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఊరుకో" అన్నాను.

ఒక ప్రశ్న

రాజుగారు మా బల్ల దగ్గరికి వచ్చారు. ఈసారి చేతులు కట్టుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు తగ్గించారు.

"మీరు తాడిపత్రి వాళ్ళని బల్లల బుకింగు రిజిస్టర్లో చూశానండి. మీరు ఒక సాయం చెయ్యాలి. ఈ కూర వండేది మంగతాయారు గారని ఒకావిడండి. మూడు రోజుల్నుంచి అందరూ బాగుందనే అంటున్నారు, గిన్నెలు మాత్రం సగం సగం వెనక్కి వస్తున్నాయి. మా వాళ్ళు విషం పెట్టినా బాగుందంటారండి. వెయిటర్లు సరేసరి. నేను తిని చూద్దామంటే కిడ్నీలో రాయి, కంద ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. మా పెద్ద వంటవాడు ఒడిశా అతనండి, ఈ కూర ఇంతేనేమో అనుకుంటున్నాడు. మీరు సీమవాళ్ళు, ఉన్నది చెప్తారు. మీరు బాగుందంటే ఆవిడ్ని ఉంచుకుంటాను. లేదంటే ఇవాళ్టితో చాలించేస్తానండి."

నా చెవికి తగిలిన గరిటె గుర్తొచ్చింది. కాలువ వైపు చూస్తూ ఆవిడ అన్న మాట గుర్తొచ్చింది. నేను నోరు తెరిచాను. "చాలా బాగుందండి" అన్నాను.

అవును, నేనే అన్నాను. అబద్ధం నోటికి రాదని అదే రోజు పొద్దున ఒక కొండ మీద, ఒక దేవుడి వాకిట్లో కోతలు కోసిన మనిషినే. పైగా చివర 'అండి' కూడా కలిపాను.

రాజుగారి ముఖం వెలిగింది. లేవబోయారు.

"అబద్ధం సార్" అంది సరోజ.

బల్ల కింద ఆవిడ కాలు తొక్కాను. ఆవిడ కాలు లాక్కుని, "రుచి శానా బాగుంది సార్. ఇట్లాంటి కూర నేనెప్పుడూ తినలే. కానీ గొంతు దురద పెడతాంది. కంద సరిగ్గా ఉడకలే. ఈయన ఆ అక్కను చూసి జాలిపడి చెప్పినాడు" అంది.

కోపం ఆపుకోలేకపోయాను. "ఆ మనిషి పని పోతుందని తెలిసీ అంటావా?" అన్నాను.

"చెప్పకపోతే ఆ యమ్మకు ఎట్ల తెలుస్తాది?" అంది.

పక్క బల్ల తాతగారు రుమాలు దించారు. "ఆ అమ్మాయి అన్నారు కాబట్టి అంటున్నానండి. కొంచెం గొంతు పట్టినట్టుగానే ఉందండి" అన్నారు. ఆ మూల నుంచి ఇంకొకాయన, "మాకూ కొద్దిగా అనిపించిందండి, ఏదో చెప్పడం ఎందుకని..." అన్నాడు. అంతే, హాలంతా ఒక్కసారిగా గొంతు సవరించుకుంది. మూడు రోజుల దగ్గులు ఒక్కసారే దగ్గినట్టుంది.

రాజుగారు కబురు పంపితే మంగతాయారు వంటింటి తలుపు తోసుకుని వచ్చింది. ముఖం నిండా చెమట, చేతిలో గరిటె. "దురద పెట్టిందని ఎవరన్నారండి?" అంది.

సరోజ లేచి నిలబడింది. "నేనే అక్కా."

నేను తల దించుకున్నాను. ఆవిడ మా ఆవిడను చూసింది, వెయిటరు చేతిలో ఉన్న గిన్నెను చూసింది. గిన్నెలోంచి కొంచెం కూర వేళ్ళతో తీసి నాలుక మీద వేసుకుంది. పంక్తి లేవకముందు ఆవిడ తన వంట తాను తినడం నలభై ఏళ్ళలో అదే మొదటిసారని మాకు తెలుసు. నమిలింది, మింగింది, గొంతు మీద చెయ్యి వేసుకుంది.

"ఇంతమందికి పెట్టానాండి ఇది? మూడు రోజులు?" అంది. కళ్ళు నిండిపోయాయి. "ఒక్కరు చెప్పలేదేంటండి?"

ఎవరూ ఆవిడ వైపు చూడలేకపోయారు. ఆవిడ గరిటె రెండు చేతులతో పట్టుకుని, తనలో తను అనుకున్నట్టు చెప్పింది. "పెళ్ళిళ్ళలో పెద్ద గుండిగలో అయితే దించాక కూడా గంటసేపు ఆ వేడికి మగ్గుద్దండి. పులుపు ముక్క లోపలికంటా దిగుద్ది. ఇక్కడ నాలుగేసి గిన్నెలకి మూకుట్లో చెయ్యమన్నారు. పొయ్యి దించగానే పట్టుకుపోతన్నారు. వాసన సరిగ్గానే ఉందండి, అందుకే తెలియలేదు నాకు."

రాజుగారు లేచారు. చాలా మెత్తగా, "పోనీలెండి మంగతాయారు గారూ. మీ తప్పేం లేదు. ఇక్కడి పద్ధతి వేరు కదండి" అన్నారు. మూడు రోజులు ఈ గాలి పీల్చాక నాకు ఆ 'పోనీలెండి' అర్థమైంది. ఈ నేల మీద తలుపు వేసేటప్పుడు చప్పుడు కానివ్వరు.

అప్పుడు నేను లేచాను. "రాజుగారూ, ఇందాక మీకు అబద్ధం చెప్పాను. ఇప్పుడు నిజం చెప్తాను. గంటయినా రెండు గంటలైనా మేం ఇక్కడే కూర్చుంటాం. ఆమెకు ఒక పెద్ద గిన్నె ఇప్పించండి" అన్నాను.

పక్క బల్ల తాతగారు కుర్చీ అద్దం వైపు తిప్పుకున్నారు. "మాకూ తొందరేం లేదండి" అన్నారు. ఆయన కోడలు పిల్లలకు ఐస్‌క్రీం చెప్పింది. మూల బల్లవాళ్ళు తీసిన సంచులు మళ్ళీ కింద పెట్టారు.

రాజుగారు అందరినీ ఒకసారి చూసి, "బిర్యానీ డేగిసా ఖాళీగా ఉందాండి?" అని లోపలికి కేకేశారు.

డేగిసా దిగే దాకా

ఆ గంటా నాకు ఈ ప్రయాణం మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన గంట. దురద తగ్గడానికి రాజుగారు అందరికీ చిక్కటి మజ్జిగ ఇప్పించారు. బయట సూర్యుడు నదిలో దిగాడు, ఎర్రనీళ్ళు కాస్త నల్లబడ్డాయి, విల్లుల వంతెన మీద దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. పొడుగు వంతెన మీద ఒక రైలు పోతుంటే పిల్లలు పెట్టెలు లెక్కపెట్టారు. బల్లల మధ్య మాటలు కలిశాయి. తాతగారిది ఆలమూరట, మా పెన్న గురించి అడిగారు. "నీళ్ళు లేని నదికి దణ్ణం పెట్టుకుంటారాండి?" అంటే, "పెట్టుకుంటాం, ఇంకొంచెం గట్టిగా" అంది సరోజ. నేను సరోజ వైపే చూస్తూ కూర్చున్నాను. నాకు సిగ్గుగానూ ఉంది, గర్వంగానూ ఉంది. ఆ మాట ఆవిడకు అప్పుడే చెప్పాను. "ముందు గోదావరిని చూడండి" అంది.

డేగిసాను ఇద్దరు మోసుకొచ్చి హాలు మధ్యలో ఒక బల్ల మీద దించారు. తెల్లగుడ్డలూ పువ్వుల రుమాళ్ళూ ఉన్న ఆ హాల్లో అడుగు మాడిన డేగిసా. మూత తీయగానే ఆవ వాసన ఎనిమిదో అంతస్తంతా కమ్మేసింది. మంగతాయారు ఎవరినీ వడ్డించనివ్వలేదు. ఆ పొడుగు గరిటెతో తనే బల్లబల్లకూ తిరిగి వేసింది. కొలత చూసుకోవడం లేదు, ఆగడం లేదు. నలుగురికి వండడం రాని చెయ్యి ఊరంతటికీ వేసినట్టు వేస్తోంది.

ఐదో ముద్ద కోసం ఎదురుచూశాను. దాటింది. పదో ముద్దా దాటింది. కంద వెన్నలా కరుగుతోంది. దురద లేదు, ఉన్న ఆనవాలు కూడా లేదు. తలెత్తి చూస్తే హాల్లో ఎవరూ మాట్లాడడం లేదు. 'బాగుందండి' అనే మాట మూడు రోజుల్లో మొదటిసారి ఎక్కడా వినబడలేదు. అందరూ తింటున్నారు, అంతే.

రాజుగారు మా బల్ల దగ్గరికి వచ్చి, నన్ను వదిలేసి, సరోజ వైపు తిరిగారు. "మీరు చెప్పండమ్మా."

సరోజ నోటి నిండా అన్నం ఉంది. పళ్ళెం ఎత్తి మంగతాయారు ముందుకు చాపింది. ఆవిడ ఒక గరిటె వేసింది. సరోజ పళ్ళెం దించలేదు. ఇంకో గరిటె వేసింది.

రాజుగారు ఆ పళ్ళెం వైపు చూశారు. తర్వాత, "మంగతాయారు గారూ, రేపు కూడా ఈ డేగిసాలోనే వండేయండి" అన్నారు.

ఆవిడ గరిటె భుజానికి ఆనించుకుని, చెంగుతో ముఖం తుడుచుకుని, పెళ్ళివంట ఒప్పుకునే గొంతుతో అడిగింది.

"ఎంతమందికండి?"